పాశమైలారం గేటు దగ్గర వ్యాకరణం

ఒడిశా నుంచి వచ్చి పాశమైలారం పారిశ్రామికవాడలో హెల్పర్‌గా చేరిన కుర్రాడు కొన్ని నెలల్లోనే తెలుగులో పని నడుపుకుంటాడు. సూపర్‌వైజర్ గేటు దాటి లోపలికి రాగానే మాత్రం పక్కవాళ్లతో "సార్ వచ్చింది" అంటాడు. మనవాళ్లు నవ్వుతారు. బీహార్ నుంచి వచ్చిన అతని రూంమేట్ "సార్ వచ్చిండు" అని సరిగ్గానే అంటాడు. అదే ఊపులో "ట్యాంకర్ వచ్చిండు" అని కూడా అనేస్తాడు. బాటిల్ ఖాళీ అయితే "నీళ్లు కాదు" అంటాడు. ఒడిశా కుర్రాడికి ఈ ‘కాదు’, ‘లేదు’ దగ్గర పెద్దగా తడబాటు ఉండదు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటూ ఒకే కంపెనీలో, ఒకే మనుషుల నోట తెలుగు విన్నవాళ్లు. తప్పులు మాత్రం ఎవరివి వాళ్లవే.

ఇవి చదువు లేక వచ్చిన తప్పులు కావు, అశ్రద్ధ వల్ల వచ్చినవీ కావు. ఒడియాలో క్రియకు ఆడా మగా తేడా లేదు. అన్న వచ్చినా అక్క వచ్చినా బస్సు వచ్చినా మర్యాదను బట్టి రూపం మారుతుందే తప్ప లింగాన్ని బట్టి మారదు. బెంగాలీలోనూ అంతే. మన తెలుగులోనేమో ఏకవచనంలో మగవాడొక్కడు ఒక పక్క, లోకంలో మిగతాదంతా ఇంకో పక్క. అక్క వచ్చింది, ఆవు వచ్చింది, కరెంటు వచ్చింది, జ్వరం వచ్చింది, జీతం వచ్చింది. పొద్దంతా ఆ కుర్రాడి చెవిన పడేది ఎక్కువగా "వచ్చింది"యే. తన భాషలో ఒక్క రూపంతో సరిపెట్టుకున్న మెదడు ఇక్కడా ఒకటి చాలనుకుని, ఎక్కువసార్లు విన్నదాన్ని పట్టుకుందని నేననుకుంటాను. హిందీ మాట్లాడే బీహార్ రూంమేట్‌కు లింగభేదం పాతదే, కానీ హిందీలో వస్తువులకూ లింగం ఉంటుంది, ట్యాంకర్ అక్కడ పుంలింగం. ఇక ‘కాదు’, ‘లేదు’ రెంటికీ హిందీలో ‘నహీఁ’ ఒక్కటే. ఒడియాలో అది కాదనడానికి ‘నుహేఁ’, లేదనడానికి ‘నాహిఁ’ అని వేరువేరు మాటలున్నాయి. మన ‘మనం’, ‘మేము’ల తేడా దగ్గర మాత్రం ఇద్దరూ కలిసే తడబడతారు. రెండు భాషల్లోనూ ఆ తేడా లేదు.

"వీళ్లకు భాష రాదు" అని పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం చుట్టుపక్కల తరచూ వినిపిస్తుంది. ఆ మాట నిజం కాదు. ప్రతి తప్పు వెనకా ఒక నిండు వ్యాకరణం పనిచేస్తోంది. అది తెలుగు వ్యాకరణం కాదు, అంతే. అది ఆ తలలో ఎప్పుడు, ఎలా తయారైంది, ఇరవై ఏళ్లు దాటాక దాని పక్కన ఇంకొకటి కట్టుకోవడం ఎందుకు కష్టం అన్న సంగతులు తెలిస్తే, షాప్‌ఫ్లోర్ మీద మనం మాట్లాడే తీరే మార్చుకోవాల్సి ఉంటుంది.

మొదలు ఉయ్యాలలోనే. 1984లో కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు పసిపిల్లలకు హిందీలోని ‘త’, ‘ట’ శబ్దాలు వినిపించారు. ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన పిల్లలు 6 నుంచి 8 నెలల వయసులో ఆ రెంటి తేడా పట్టేశారు. 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి ఆ శక్తి దాదాపు పోయింది. చుట్టూ ఎవరూ ఆ తేడా పాటించనప్పుడు మెదడు దాన్ని పక్కన పెట్టేసింది. హిందీ ఇళ్ల పిల్లలకు అది నిలిచింది. తాత, టాటా అని రోజూ వినే మన పిల్లలకూ నిలుస్తుంది. 1996లో అమెరికాలో జెనీ శాఫ్రన్ బృందం 8 నెలల పిల్లలకు అర్థం లేని అక్షరాల వరుసను ఆగకుండా 2 నిమిషాలు వినిపించింది. ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం తప్పకుండా వస్తోందో, ఎక్కడ ఆ జత తెగుతోందో ఆ కొద్దిసేపట్లోనే పిల్లలు పసిగట్టారు. మాటకు మాటకు మధ్య ఖాళీ అనేది రాతలోనే ఉంటుంది, నోటి మాటలో ఉండదు. ఎక్కడ ఒక మాట ముగిసి ఇంకొకటి మొదలవుతోందో పసి మెదడు లెక్కగట్టి తెలుసుకుంటుంది. మూడు నాలుగేళ్ల పిల్ల "నాన వచ్చిండు, అమ్మ వచ్చింది" అని తేడాగా అంటుందంటే, ఎవరూ బోర్డు మీద రాసి చెప్పింది కాదు. పలక పట్టకముందే వ్యాకరణంలో చాలాభాగం కుదురుకుంటుంది.

ఇదంతా మెదడులో ఎక్కడ? తొలి జవాబు 1861లో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో దొరికింది. లెబోర్న్ అనే రోగి ఏది అడిగినా "టాన్" అనే ఒక్క శబ్దమే పలికేవాడు, ఎదుటివాళ్ల మాటలు మాత్రం చాలావరకు అర్థం చేసుకునేవాడు. అతను చనిపోయాక పాల్ బ్రోకా మెదడు పరీక్షించి, ఎడమ వైపు నుదుటి భాగంలో దెబ్బ ఉందని చూపాడు. 1874లో జర్మనీకి చెందిన కార్ల్ వెర్నికె ఇంకో రకం రోగుల గురించి రాశాడు. వాళ్లు ధారాళంగా మాట్లాడతారు, ఆ మాటలకు పొంతన ఉండదు, ఎదుటివాళ్లు చెప్పింది తలకెక్కదు. వాళ్ల దెబ్బ ఎడమ చెవికి పైన, కాస్త వెనకగా ఉంది. బ్రోకా ప్రాంతం వ్యాకరణానికి, వెర్నికె ప్రాంతం అర్థానికి అని చాలాకాలం పుస్తకాలు పంచిపెట్టాయి. ఆ పంపకం ఇప్పుడు నిలబడదు. ఎడమ నుదుటి భాగం, కణత వెంబడి సాగే పొడవాటి భాగం కలిసి ఒకే వలలా పనిచేస్తాయి. మాట అర్థం, వాక్యం అల్లిక రెండూ ఆ వలంతటా నడుస్తాయి. 2022లో ఎవెలీనా ఫెడొరెంకో ప్రయోగశాల 45 భాషల వాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి, ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ భాగాలను ఎవరి మాతృభాషలో వాళ్లకు వినిపించింది. 12 భాషా కుటుంబాల్లో మన ద్రావిడ కుటుంబం కూడా ఉంది. అందరిలోనూ అదే ఎడమవైపు వల మేల్కొంది. ఒడియా, హిందీ, తెలుగు తలల్లో పరికరం ఒకటే, అందులో స్థిరపడిన అలవాట్లే వేరు.

పక్షవాతం వచ్చి ఈ వల దెబ్బతిన్నప్పుడు వ్యాకరణం ఎంత లోతుగా అల్లుకుందో కనిపిస్తుంది. బ్రోకా ప్రాంతం చుట్టూ దెబ్బ తగిలిన ఇంగ్లిష్ రోగులు క్రియ చివరి ప్రత్యయాలు వదిలేసి మొండి మాటలు పలుకుతారు. ప్రత్యయం లేకపోతే క్రియ నిలబడని ఇటాలియన్, హీబ్రూ లాంటి భాషల్లో రోగులు ప్రత్యయాన్ని వదలరు, ఒకదాని బదులు ఇంకొకటి పెడతారు. తెలుగు ఈ రెండో జాతి భాష. ‘వచ్చ్’ అని ఆగిపోవడం మనకు కుదరదు.

చోటు కన్నా వేగం ఇంకా ఆశ్చర్యం. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తును ఈఈజీతో కొలుస్తూ వాక్యాలు వినిపిస్తే, తప్పు ఎదురైన క్షణం గీతల్లో పడుతుంది. "అమ్మ చాయ్‌లో సిమెంటు వేసి కలిపింది" లాంటి వాక్యంలో ‘సిమెంటు’ దగ్గర, సెకనులో పదో వంతులు నాలుగు గడిచేసరికి గీత ఒకవైపు దిగుతుంది. అర్థం పొసగనప్పుడు కనిపించే ఈ ‘ఎన్400’ను 1980లో మార్తా కుటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ చూపారు. "అమ్మ చాయ్‌లో చక్కెర వేసి కలిపిండు" లాంటి వాక్యంలో అర్థానికి లోటు లేదు, పొత్తు చెడింది. ఇలాంటి చోట పదో వంతులు ఆరు గడిచేసరికి గీత రెండోవైపు లేస్తుంది. అది ‘పీ600’. లీ ఓస్టర్‌హౌట్, ఫిలిప్ హోల్‌కాంబ్ 1992లో దీన్ని వాక్య నిర్మాణంతో ముడిపెట్టారు. మనం "అదేంటి" అనుకునేలోపే లోపల ఈ రెండు రకాల గుర్తింపూ జరిగిపోతుంది. కొత్తగా భాష నేర్చుకుంటున్న వాళ్లను తర్వాత ఓస్టర్‌హౌట్ బృందం పరీక్షించింది. తొలి నెలల్లో కొందరిలో వ్యాకరణ దోషానికి కూడా ‘ఎన్400’ రకం స్పందనే వచ్చింది. భాష అలవాటైన కొద్దీ అది ‘పీ600’గా మారింది. అంటే మొదట్లో వాళ్లకు వ్యాకరణం కూడా మాటల జతలుగానే అందుతుంది. నియమం నియమంగా స్థిరపడేది ఆ తర్వాతే.

దీని వెనక రెండు రకాల జ్ఞాపకాలున్నాయని మైకేల్ ఉల్మన్ ప్రతిపాదించాడు. పేర్లు, మాటలు గుర్తుపెట్టుకునే జ్ఞాపకం ఒకటి, చేతికి అలవాటయ్యే పనులను దాచుకునే జ్ఞాపకం ఇంకొకటి. మాతృభాష వ్యాకరణం ఎక్కువగా రెండో దాని మీద నడుస్తుంది. పెద్దయ్యాక నేర్చుకునే భాష మొదట మొదటి దాని మీద నడిచి, వాడగా వాడగా రెండో దానిలోకి జారుతుంది. కొత్త ఆపరేటర్ ప్రెస్ మెషిన్ ముందు ఏ బటన్ తర్వాత ఏ బటనో తలుచుకుంటూ నొక్కుతాడు, పాత ఆపరేటర్ చెయ్యి తనంతట తానే పోతుంది. ‘సార్’ అనగానే ‘వచ్చిండు’ రావడం అలాంటి చేతివాటం. అది వేలసార్లు వాడితే వచ్చేది. వయసు అడ్డమే గానీ గోడ కాదు. ఇంటర్నెట్‌లో 6 లక్షల 70 వేల మంది దాకా రాసిన ఇంగ్లిష్ వ్యాకరణ పరీక్షను 2018లో హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్ విశ్లేషించారు. నేర్చుకునే వేగం 17 ఏళ్లు దాటేదాకా నిలిచి, ఆ తర్వాత తగ్గుతోందని వాళ్ల లెక్క. మన పారిశ్రామికవాడకు వచ్చే కుర్రాళ్లలో చాలామంది సరిగ్గా ఆ మలుపు దాటీ దాటగానే రైలెక్కినవాళ్లు.

ఈ నేలకు పలు భాషలు కొత్త కాదు. ఆర్సీపురంలో బీహెచ్‌ఈఎల్ ఫ్యాక్టరీ, పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వచ్చాక దేశమంతా ఇటు కదిలింది. అంతకు ఎన్నో తరాల ముందే జహీరాబాద్ వైపు కన్నడ, నారాయణఖేడ్ వైపు మరాఠీ, తండాల్లో లంబాడీ, పట్నాల్లో దక్కనీ తెలుగుతో కలిసి బతుకుతున్నాయి. ఒక్క తలలో రెండు వ్యాకరణాలు తరాల తరబడి కాపురం చేస్తే అవి ఒకదాన్నొకటి దిద్దుకుంటాయి. "వాడు వస్తా అని చెప్పిండు" అంటాం మనం. దక్కనీలో "ఉనో ఆతూఁ బోల్కే బోల్యా" అంటారు. ఉత్తరాది హిందీలో అయితే ‘చెప్పాడు’ ముందొచ్చి, ‘కి’ అనే మాటతో మిగతాది తగులుకుంటుంది. దక్కనీ మాటలు ఉర్దూవే, ‘బోల్కే’ కూర్చున్న చోటు మాత్రం మన ‘అని’ కూర్చునే చోటు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా కుప్వాడ్ గ్రామంలో మరాఠీ, కన్నడ, ఉర్దూ ఇలాగే దగ్గరయ్యాయని, వాక్యాన్ని మాటకు మాట మార్చుకుంటూ పోతే చాలునని 1971లో గంపర్జ్, విల్సన్ రాశారు. నాకు ఇందులో మెదడు పొదుపు కనిపిస్తుంది. మాటలను అది రెండు జతలుగా దాచుకుంటుంది, వాక్యం అల్లే తీరును వీలైనంతవరకు ఒక్కటిగానే ఉంచుకోజూస్తుంది.

రెండు భాషల తల ముసలితనంలో ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ప్రపంచం చెప్పుకున్న జవాబుల్లో ఒకటి మన హైదరాబాద్‌ది. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది మతిమరుపు వ్యాధి రోగుల వివరాలను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించింది. వాళ్లలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒక్క భాషవాళ్ల కన్నా వాళ్లలో వ్యాధి నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. అంతకుముందు 2007లో టొరంటోలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది, కానీ అక్కడి రెండు భాషలవాళ్లలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు. ఆలస్యానికి కారణం భాషా, వలసా అన్నది తేల్చడం కష్టమైంది. హైదరాబాద్‌లో రెండు భాషలు పుట్టిన వాడలోనే దొరుకుతాయి కనుక ఆ చిక్కు లేదు. అక్షరం రానివాళ్లలోనూ తేడా కనిపించింది, కాబట్టి ఇది చదువు మహిమ అనడానికీ వీల్లేదు. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు మేలు కనపడలేదు. 2016లో అదే ఆసుపత్రిలోని 608 మంది పక్షవాత రోగులను చూస్తే, ఆలోచనాశక్తి చెక్కుచెదరనివాళ్లు రెండు భాషల గుంపులో 40.5 శాతం, ఒక్క భాష గుంపులో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం రెండు గుంపులకూ తేడా లేదు. ఇతర దేశాల్లో జరిగిన అన్ని అధ్యయనాలూ ఇదే చెప్పలేదు. ఇవి ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్కలు కూడాను. అయినా ఇద్దరు ముగ్గురితో వాళ్ల వాళ్ల భాషల్లో మాట్లాడే మనిషి, ప్రతి క్షణం ఒక భాషను అదిమి ఇంకొక భాషను ముందుకు తెస్తూ చేసే కసరత్తు ఊరికే పోదని నమ్మడానికి వీటిలో ఆధారం ఉంది. హాజరు పట్టీలో ‘అన్‌స్కిల్డ్’ అని రాసి ఉన్న మనిషి ఈ పనిని రోజంతా చేస్తున్నాడు.

అసలు చెప్పాలనుకున్నది ఇంకా చెప్పలేదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అప్పటిదాకా మెదడు చేతులు కట్టుకుని కూర్చోదు. -కి, -ను, -తో లాంటి ప్రత్యయాలను పట్టుకుని రాబోయేదాన్ని ముందే ఊహిస్తుంది. మనలాగే క్రియను చివర పెట్టే జపనీస్‌లో యూకీ కమిడే బృందం 2003లో దీన్ని చూపింది. వెయిట్రెస్, కస్టమర్, బర్గర్ ఉన్న బొమ్మ చూపిస్తూ "వెయిట్రెస్ కస్టమర్‌కి" అనే అర్థం వచ్చే భాగం వినిపించగానే, క్రియ రాకముందే వినేవాళ్ల కళ్లు బర్గర్ వైపు పోయాయి. ‘కస్టమర్‌ను’ అనే అర్థం వచ్చేలా ప్రత్యయం మారిస్తే అంతగా పోలేదు. 2016లో మిత్సుగి, మెక్‌విన్నీ ఇలాంటి పరీక్షనే జపనీస్ నేర్చుకుంటున్న ఇంగ్లిష్ వాళ్లకు పెట్టారు. ప్రత్యయాల సంగతి వాళ్లకు తెలుసు, కానీ వింటున్న వేగంలో వాటితో ముందుచూపు చూడలేకపోయారు. తెలియడం వేరు, సెకనులో సగంలో వాడుకోవడం వేరు.

ఇప్పుడు దీన్ని షాప్‌ఫ్లోర్ మీదికి తీసుకురండి. బ్లోయర్ మోత, కంప్రెసర్ మోత, చెవుల్లో ప్లగ్గులు. "వాల్వ్ తిప్పు" అన్న మాటకూ "వాల్వ్ తిప్పకు" అన్న మాటకూ తేడా చివరి ముక్కలో ఉంది. పుట్టు తెలుగువాడికి ఆ ముక్క మోతలో కలిసిపోయినా, ముందు జరిగిన మాట, సందర్భం, గొంతు తీరు కలిసి ఖాళీని పూరిస్తాయి. హిందీ మెదడు నిషేధం కోసం క్రియకు ముందు వెతుకుతుంది. "మత్ ఘుమావ్" అన్నప్పుడు వద్దన్న సంగతి మొదటే తెలిసిపోతుంది. ముందు ఏమీ రాలేదు కనుక తిప్పమన్నట్టే. ఒడియాలో నిషేధం క్రియ తర్వాతే వస్తుంది, కానీ అది విడి మాటగా వస్తుంది, తెలుగులోలాగా క్రియకు అతుక్కుపోదు. పైగా ‘తిప్పకు’ చివరి -కు అతను వేరే పనికి నేర్చుకున్నదే: గేటుకు, రాముకు, సార్‌కు. ఆజ్ఞను తలకిందులు చేసే ముక్క, వాక్యంలో అన్నిటికన్నా చిన్నదీ, చివరిదీ, వేరే దానితో పొరపడేదీ అయింది. పెద్దయ్యాక ఇంగ్లిష్ నేర్చుకున్న స్పానిష్ వాళ్లను 1997లో అమెరికాలో మాయో బృందం మోతలో పరీక్షించింది. నిశ్శబ్దంలో బాగానే విన్నవాళ్లు మోత పెరిగేసరికి పుట్టు ఇంగ్లిష్ వాళ్లకన్నా బాగా వెనకబడ్డారు, సందర్భం సాయం కూడా వాళ్లకు తక్కువగానే అందింది. ఆఫీసు గదిలో తెలుగు బాగానే అర్థం చేసుకున్న కుర్రాడికి రియాక్టర్ పక్కన కూడా అంతే అర్థమవుతుందనుకోవడం ప్రమాదం.

2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ నోటీసులు ఇంగ్లిష్‌లోనూ, కార్మికుల్లో మెజారిటీకి అర్థమయ్యే భాషలోనూ ఉండాలంది. మెజారిటీలో లేనివాడి సంగతి దానికి పట్టలేదు. పైగా అది గోడ మీద రాసే నోటీసు గురించి. ఆపదలో వచ్చేది గోడ మీది అక్షరం కాదు, అరుపు. ఆ అరుపులో వద్దన్న మాటను ముందుకు తేవడం మన చేతిలో ఉంది. "వద్దు! వాల్వ్ తిప్పొద్దు!" అంటే నిషేధం వాక్యం మొదట్లోనూ చివర్లోనూ పడుతుంది. ‘వద్దు’ ఇక్కడికొచ్చిన ఎవరైనా మొదటి వారంలోనే నేర్చుకునే మాట. మోత ఎక్కువున్నచోట మాటతోపాటు చెయ్యి అడ్డంగా ఊపడం తప్పనిసరి చేయాలి. షిఫ్టు మొదట్లో పని చెప్పాక "సమజైందా?" అని అడిగితే ఎవరైనా "ఔ సార్" అనే అంటారు. అర్థం కాలేదని పదిమందిలో ఒప్పుకోవడం కొత్తవాడికి కష్టం. దాని బదులు "ఇప్పుడు నువ్వేం చేస్తవో చెప్పు భయ్యా" అని అడిగి, హిందీలోనో ఒడియాలోనో అతని వాక్యం అతన్నే కట్టనివ్వాలి, ఆ భాష తెలిసిన ఇంకో కార్మికుడు పక్కన నిలబడి వినాలి. మనం పలికిన ఆ చిన్న -కు అతని తలలోకి చేరిందో దారిలో రాలిపోయిందో అతను సొంతంగా కట్టిన వాక్యంలో తేలుతుంది.